లెక్కలో చెప్పని కుందేలు

మా దుకాణంలో కుక్కపిల్లకు రోజుకు నాలుగు పూటలు తిండి పెడితే చాలు, ముడుచుకుని పడుకుంటుంది. రిజిస్టరు అట్లా కాదు. ఒక్కరోజు దాని ముఖం చూడకపోతే మరునాడు ఏడిపించి వదులుతుంది. అట్లాంటివి ఐదున్నాయి నా దగ్గర. ఏ ప్రాణి ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి ఇంటికి పోయింది, దేనికి జబ్బు చేసింది, ఏ మందు పోశాం, ఏది ఎందుకు చనిపోయింది, ఇవాళ పొద్దున గూళ్లలో ఎన్ని ఉన్నాయి, అన్నీ రాయాలి. మా ఆయన వాటిని చూసినప్పుడల్లా ఆవులిస్తాడు. నాకు మాత్రం ఇప్పుడు అవంటే ఇష్టం. ఈ ఇష్టం కలగడానికి ముందు ఎంత మొత్తుకున్నానో, ఎవరెవరిని తిట్టానో, చివరికి ఒక కుందేలు నా నోరు ఎట్లా మూయించిందో చెబుతాను.

మా ఊరు ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో ఉంటుంది. ఊరికి ఇటు పత్తి, మిర్చి చేలు. అటు కాస్త దూరం పోతే టేకు చెట్లు, ఇంకా లోపలికి పోతే అడవి పల్లెలు. బస్సులాగే సెంటర్లో మా ఆయన చేపల తొట్లతో దుకాణం పెట్టిననాడు నేను ఇంట్లో మిషన్ కుట్టుకునేదాన్ని. ఎండాకాలం బోర్లు ఎండిపోయే ఊళ్లో చేపలకు నీళ్లు ఎవరు మారుస్తారని వారం రోజులు ఆయన్ని సతాయించాను. జనం మాత్రం కొన్నారు. టీచర్లు కొన్నారు, బ్యాంకు వాళ్లు కొన్నారు, దవాఖానాలో పేషెంట్లు కూర్చునే గదికి ఒక తొట్టి పోయింది. తర్వాత లవ్ బర్డ్స్ వచ్చాయి, వాటి వెనక కుందేళ్లు, తెల్ల ఎలుకలు, చివరికి కుక్కపిల్లలు. అప్పటికి పని మా ఆయన ఒక్కడి వల్ల కాలేదు. మిషన్‌కు గుడ్డ కప్పేసి నేను వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చున్నాను.

సంతరోజు లోపలి పల్లెల వాళ్లు వచ్చి మా గూళ్ల ముందు నిలబడతారు. వాళ్ల భాషలో ఏదో అనుకుంటారు, నవ్వుకుంటారు. ఒకసారి ఒక పెద్దాయన కుందేళ్ల గూటిని చాలాసేపు చూసి, ఇవి అమ్మడానికే పెట్టారా అని నన్ను తెలుగులో అడిగాడు. అవునన్నాను. ఎవరు కొంటారన్నాడు. పట్నం పిల్లలన్నాను. ఆయన పక్కనున్న ముసలమ్మకు ఆ మాట వాళ్ల భాషలో చెబితే ఆమె నడుం పట్టుకుని నవ్వింది. చేన్లో పడి మొలకలన్నీ మేసిపోయేదాన్ని డబ్బులిచ్చి ఇంటికి తీసుకుపోతారా అని ఆమె అడుగుతోందట. నాకూ నవ్వొచ్చింది.

ఇట్లా హాయిగా నడుస్తుండగా ఒకరోజు పశువుల దవాఖానా డాక్టరమ్మ మా దుకాణం ముందు జీపు దిగింది. వయసులో చిన్నది, మాట మాత్రం గట్టిది. పెంపుడు ప్రాణుల్ని అమ్మే ప్రతి దుకాణమూ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని, పుస్తకాలు రాయాలని, అడిగినప్పుడు చూపించాలని చెప్పింది. మా దగ్గర బిల్లులున్నాయని మా ఆయన ఇనుప చువ్వకు గుచ్చిన కాగితాలు తెచ్చి చూపించాడు. ఆ చువ్వకు లవ్ బర్డ్స్ బిల్లుతోపాటు మా ఇంటి కరెంటు బిల్లు, ఎవరిదో పెళ్లి పత్రిక కూడా ఉన్నాయి. డాక్టరమ్మ పత్రిక తీసి చదివి, పెళ్లి బాగా జరిగిందా అని అడిగి, మళ్లీ జాగ్రత్తగా చువ్వకు గుచ్చింది. నాకు తల తీసేసినట్టయింది.

ఆమె రెండు నెలలు గడువిచ్చింది. ఆలోపు పుస్తకాలు మొదలుపెట్టి సరిగ్గా నడిపితే, మళ్లీ వచ్చి గూళ్లలో ఉన్న ప్రాణాలనూ పుస్తకంలో ఉన్న లెక్కనూ సరిచూసి రిజిస్ట్రేషన్‌కు రాస్తానంది. రెండూ కలవకపోతే దుకాణం మూసుకోవాల్సిందే. లెక్కలో లేని ప్రాణి ఒక్కటి గూట్లో కనిపించినా అది ఎక్కడిదని అడుగుతారని, అడవి పక్కన దుకాణం కాబట్టి ఇంకా గట్టిగా అడుగుతారని చెప్పి పోయింది. ఆ మాటకు కారణముంది. చిలక పిల్లల్ని బుట్టలో తెచ్చి ఇస్తామనేవాళ్లు అప్పుడప్పుడు మా దగ్గరికి వస్తారు. అడవి చిలకను కొనడమూ నేరమే, అమ్మడమూ నేరమే. మేం ఏనాడూ ముట్టలేదు. కానీ ముట్టలేదని నోటితో చెబితే ఎవరు నమ్ముతారు, పుస్తకం చెప్పాలి గానీ.

దరఖాస్తు నా పేరు మీద పెట్టాం. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయన్నది మా ఆయన చెప్పిన సాకు. రాసే పని తప్పించుకోవడానికి వేసిన ఎత్తు అని నాకు తెలియదా? అయినా ఊరుకున్నాను. ఆ కాగితంలో యజమాని అన్నచోట నా పేరు చూసుకుంటే ఒళ్లు పులకరించింది. పేరు ఎక్కడమంటే నాకెందుకంత పట్టుదలో తెలియాలంటే ఇరవై ఏళ్ల వెనక్కి పోవాలి.

నేను కాపురానికి వచ్చిన మరుసటి ఏడు రేషన్ కార్డుల కోసం ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకునే మనిషి వచ్చాడు. మామయ్య పొలంలో ఉన్నాడు, మా ఆయన పనికి పోయాడు. అరుగు మీద కూర్చుని అత్తమ్మ చెబుతోంది. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను. మామయ్య పేరు చెప్పింది, తన పేరు చెప్పింది, మా ఆయనది చెప్పింది, మా ఆడబిడ్డది చెప్పింది. ఇంకెవరైనా ఉన్నారా అని ఆయన అడిగాడు. "ఎవ్వరు లేరు. నలుగురమే" అంది. ఆ ఇంట్లో ఐదో మనిషిని నేను, చేతిలో చేటతో, ఆమెకు మూరెడు దూరంలోనే నిలబడి ఉన్నాను.

పొయ్యి ముందు పనికి నేను కావాలి గానీ లెక్కలోకి పనికిరానన్నమాట అనుకున్నాను. ఆ తర్వాత మండలాఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో. పాప పుట్టింది, నడక నేర్చింది, మాటలు నేర్చింది, అప్పటికి గానీ కార్డులో నా పేరు ఎక్కలేదు. ఆ కార్డు పట్టుకుని వచ్చిననాడు కావాలనే అత్తమ్మ ఎదుట నిలబడి నా పేరు గట్టిగా చదివాను. ఆమె లోపలికి పోయి గుప్పెడు ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చి నా చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ప్రేమ కారిపోతున్నట్టు ఈ వేషమొకటి అనుకున్నాను. నాకు నోరెక్కువ. కూరలో ఉప్పు తగ్గినా వీధంతా వినేట్టు అడుగుతాను. కానీ నన్నెందుకు చెప్పలేదని మాత్రం ఆమెను ఏనాడూ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం వేసేది.

సరే, రిజిస్టర్ల సంగతికి వస్తాను. అవి మొదలుపెట్టాక తెలిసింది, మనుషులకు తమ అడ్రసు తమకే తెలియదని. కొన్నవాళ్ల పేరు, చిరునామా, ఫోన్ నంబరు రాయాలి గదా. కారేపల్లి నుంచి వచ్చిన ఒకాయన, రైల్వే గేటు దాటాక ఎవరినడిగినా చెబుతారన్నాడు. పుస్తకంలో ఎవరినడిగినా అని రాయమంటావా అన్నాను. పోనీ బర్రెల పాక పక్కన అని రాయమన్నాడు. అదే రాశాను. వేంసూరు నుంచి ఒకామె తన కూతురి పుట్టినరోజుకు లవ్ బర్డ్స్ జంట కోసం వచ్చింది. పక్షులు కూతురివి కాబట్టి కూతురి పేరే రాయాలని పట్టుబట్టింది. కూతురికి మూడేళ్లు. సంతకం ఎవరు పెడతారంటే పెన్ను పిల్ల చేతికిచ్చింది. ఆ పేజీలో ఇప్పటికీ మూడు గీతలు, ఒక సున్నా ఉన్నాయి. తల్లి సంతకం దాని కిందే బతిమాలి పెట్టించుకున్నాను. కుక్కపిల్లను తీసుకుపోయే ఒక పెద్దమనిషికి ఇన్ని ప్రశ్నలు విసుగనిపించినట్టుంది. "ఇల్లు, వాకిలి, ఊరు, పేరు అన్నీ అడుగుతున్నవ్. కుక్కనిస్తున్నవా, పిల్లనిస్తున్నవా?" అన్నాడు. రెండూ ఒకటే, నీళ్లు పెట్టే ఇంటికే ఇస్తామన్నాను.

చేపలకు ఈ పుస్తకాలు అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి బతికిపోయాం. పిట్టలకు మాత్రం రాయాలి. మొదటిసారి ఒక లవ్ బర్డ్ చనిపోయినప్పుడు, కారణం అన్న గడిలో ఏం రాయాలో తోచలేదు. దాని జత ముందురోజే అమ్ముడుపోయింది, దిగులుతో పోయిందని రాయమన్నాడు మా ఆయన. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, దిగులు అనే జబ్బు లేదు, పిట్టను పట్టుకురండి అంది. చూసి ఏదో కడుపు జబ్బు పేరు చెబితే అదే రాశాను. అయినా ఆ రోజు నుంచి జంటను విడదీసి ఎవరికీ ఇవ్వలేదు. రాయకపోయి ఉంటే ఆ సంగతి మరునాటికి మరిచిపోయేవాళ్లమే.

పొద్దున పొద్దున ఎన్ని ప్రాణాలున్నాయో రాసే పుస్తకం మాత్రం అత్తమ్మ లేకపోతే నడవదు. కుందేళ్ల గూటి దగ్గరికి పోతే చాలు, నాకు వాటి బొచ్చుకు తుమ్ములు మొదలవుతాయి. పది తుమ్మాక గానీ ఆగవు. మా ఆయన ఆ వేళకు మేత తేవడానికి పోతాడు. పైగా ఆయనకు గూట్లో ఎన్ని ఉన్నా ఒకటే. అత్తమ్మవి అడవి అంచు పల్లెలో మేకల మధ్య పెరిగిన చేతులు. ఆమె గూట్లో చెయ్యి పెడితే కుందేళ్లు చెవులు వాల్చి మెదలకుండా కూర్చుంటాయి. అందుకని ఆమె వెనక గదిలో మేత వేస్తూ ఎన్నో చెప్పాలి, నేను ముందు గదిలో కూర్చుని రాయాలి. అదీ ఏర్పాటు.

మొదట్లో చెప్పనని మొరాయించింది. ప్రాణమున్నవాటిని వేలు పెట్టి లెక్కించకూడదని ఆమె పట్టు. లెక్కపెట్టి పైకి చెబితే దిష్టి తగులుతుందట. చిన్నప్పుడు సాయంత్రం మేకల్ని తోలుకొచ్చినా ఎన్ని వచ్చాయని ఎవరూ అనేవాళ్లు కాదట, అన్నీ వచ్చాయా అనే అడిగేవాళ్లట. నేను ఊరుకుంటానా? పుస్తకం తప్పితే దుకాణం పోతుంది, దుకాణం పోతే నేను మళ్లీ మిషన్ తొక్కాలి, నీ కొడుకు మళ్లీ లారీల వెంట లోడింగ్ పనికి పోవాలి అని ఒక పూటంతా గొంతు చించుకున్నాను. చివరికి "సరే తియ్యి, చెప్త" అంది. అంత సులువుగా ఒప్పుకుందంటే నాకప్పుడే అనుమానం రావాల్సింది.

అప్పటికి పాత కుందేళ్లన్నీ అమ్ముడుపోయాయి. ఆ వారంలోనే ఖమ్మం నుంచి కొత్తగా నాలుగు తెచ్చాం. వాటిలో ఒకటి చూలుతో వచ్చింది. మాకు తెలియదు, ఇచ్చినవాడికీ తెలియదు. ఒకరోజు అది తన బొచ్చు తానే పీక్కుని మూలన పరుపు వేసుకుంటోందని అత్తమ్మ చెప్పింది. మరునాటి పొద్దుటికి పిల్లలు. పుట్టినవి కూడా రాయాలని డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. ఎన్ని అని వెనక గదిలోకి కేకేశాను. కొంచెం ఆగి, "ఐదు" అని వినిపించింది. ఐదు అని రాశాను. నాలుగూ ఐదూ తొమ్మిది. ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా ఆమె తొమ్మిది అంటూనే ఉంది, నేను తొమ్మిది రాస్తూనే ఉన్నాను. పెద్దవాటిని ఎవరూ అడగలేదు, పిల్లలు తల్లి దగ్గరే ఉండాల్సిన వయసు కాబట్టి వాటినీ అమ్మలేదు. ఎక్కడా కొట్టివేత లేని ఆ పేజీలు చూసుకుని నేను మురిసిపోయాను. ఫోన్లో మా అమ్మాయికి ఫొటోలు కూడా పంపించాను.

డాక్టరమ్మ చెప్పిన రోజుకు, చెప్పిన వేళకు వచ్చింది. ఐదు రిజిస్టర్లకూ అట్టలు వేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, పదో తరగతి పరీక్ష రాయబోయే పిల్లలాగా కూర్చుని ఉన్నాను. ఆమె ఒక్కో పుస్తకం తిరగేసింది. మూడు గీతలు, ఒక సున్నా ఉన్న పేజీ దగ్గర ఆగి నా ముఖం చూసింది. కొన్నవారి సంతకమని చెప్పాను. ఆమె పెదవి బిగబట్టుకుని పేజీ తిప్పింది. కుక్కపిల్లలు సరిపోయాయి, వాటి టీకాల కాగితాలూ సరిపోయాయి. పిట్టలు సరిపోయాయి. తెల్ల ఎలుకలు ఒకచోట నిలబడవు గదా, ఆమె లెక్కించేలోపు ఇటువి అటు, అటువి ఇటు ఉరికాయి. మూడోసారికి అవీ సరిపోయాయి. మా ఆయన అప్పుడే బయటికి పోయి టీ చెప్పి వచ్చాడు, అంతా అయిపోయినట్టు.

కుందేళ్లు మిగిలాయి. నేను ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని గడప దగ్గరే నిలబడ్డాను. డాక్టరమ్మ ఒక్కోదాన్ని ఎత్తి పళ్లు, చెవులు చూస్తోంది. తెల్లగా, మిగతావాటికంటే చిన్నగా ఉన్న ఒక పిల్ల చెవి వెనక నల్లటి మచ్చ కనిపించింది. ఈ మచ్చ ఎప్పటినుంచి ఉంది, జబ్బుల పుస్తకంలో రాయలేదే అని అడిగింది. ఆమె దూదితో రుద్దింది. దూది నల్లబడింది, కుందేలు తెల్లబడింది. దూదిని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది కాటుక" అంది. మా ఆయన పక్కకు తిరిగి దగ్గుతున్నట్టు నవ్వాడు. అత్తమ్మ పైకప్పు రేకుల్ని పరీక్షగా చూస్తోంది.

తర్వాత డాక్టరమ్మ లెక్కపెట్టింది. పది. పుస్తకంలో తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది. పదే.

మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఎవడైనా స్నేహితుడు ఊరికే ఇస్తే సంచీలో వేసుకుని రావడం ఆయనకు అలవాటు. ఎవరు ఇచ్చారు, బిల్లేది, గూట్లో పెట్టే ముందు నాకొక మాట చెప్పడానికి నోరు పడిపోయిందా అని అడిగాను. ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని తనకేమీ తెలియదని ఒట్టు వేశాడు. పోట్లాట తర్వాత పెట్టుకోండి, ఈ పదోది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి అంది డాక్టరమ్మ. చెప్పలేకపోతే లెక్కలో లేని ప్రాణి గూట్లో ఉందని రిపోర్టులో రాయక తప్పదంది. పెన్ను కాగితం మీద పెట్టి ఆగింది. ఆ కాగితం తలమీద నా పేరుంది. అంత నోరున్న నాకు ఒక్క మాట రాలేదు.

"మేడం, అది యాడికెల్లీ రాలే" అంది అత్తమ్మ. "ఈడనే పుట్టింది. నేనే చెప్పలే."

పుట్టినవి ఆరట. ఆరోది బొటనవేలంత కూడా లేదట, తల్లి దగ్గరికి పాకలేక పక్కన పడి ఉందట. దూది వత్తిని మేకపాలలో ముంచి రోజుకు అయిదారుసార్లు దాని నోట్లో పెట్టిందట. పొద్దున లెక్క చెప్పే వేళకు మాత్రం దాన్ని వదిలేసి మిగతావాటినే చెప్పేదట. పైగా రోజూ చెవి వెనక కాటుక చుక్క. ఎందుకు చెప్పలేదని డాక్టరమ్మ అడిగింది.

"గంత బక్కదాన్ని లెక్కల చెప్పబుద్ధి కాలే మేడం" అంది అత్తమ్మ. గూటి చువ్వలు పట్టుకుని చెప్పింది. "ఒకపారి అందర్ని చెప్పిన. జనాభా లెక్కలాయన వస్తే, ముగ్గురు పిల్లలని సంబురంగ వేలు పెట్టి చూపించిన. గా వానకాలమే చిన్నోడు పోయిండు."

"అది జ్వరం అయుంటుందమ్మా. లెక్క చెప్పినందుకు కాదు."

"అవ్ మేడం, జరమే. నాకెరికే. అయినా నోరు రాదు."

మా ఆయనకు ఒక తమ్ముడుండేవాడని, చిన్నప్పుడే జ్వరంతో పోయాడని నాకు తెలుసు. ఆ లెక్క సంగతి మాత్రం అప్పుడే విన్నాను. మా ఆయన కూడా అప్పుడే విన్నట్టున్నాడు. నవ్వు ఎటుపోయిందో, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ ఆ చిన్నదాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుని, మిగతా పిల్లల పక్కన పెట్టి, పళ్లు, రంగు, గోళ్లు అన్నీ పోల్చి చూసింది. ఒకే ఈతలో పుట్టినవి, సందేహం లేదంది.

అట్లాగని వదిలిపెట్టలేదు. తప్పు రాసినచోట కొట్టేయకుండా, పక్కన ఎర్ర సిరాతో సరిదిద్ది, ఇవాళ్టి తేదీ వేసి, కారణం రాయమంది. ప్రాణుల్ని చూసుకునే మనిషి వేలిముద్ర కూడా వేయించమంది. కారణం ఏమని రాయమంటారని అడిగాను. "జరిగింది జరిగినట్టు రాయండి. నమ్మడం నా పని" అంది.

గల్లాపెట్టె మీద రిజిస్టరు పెట్టుకుని, నా గుండ్రటి అక్షరాలతో రాశాను. పుట్టినవి ఆరు. ఐదు అని నమోదైంది. ఒకటి బలహీనంగా ఉన్నందున లెక్కలో చెప్పలేదు.

ఆ ఆఖరి మాట దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఇంకోసారి చదువుకున్నాను. చేతిలో చేటతో తలుపు వెనక నిలబడ్డ ఆ పొద్దు నా కళ్ల ముందుకొచ్చింది. అత్తమ్మ నా పక్కన నిలబడి, వేలికి సిరా రాయించుకుని, ఎక్కడ వెయ్యాలని అడుగుతోంది. చూపించాను. ఆమె వేలు నొక్కిపట్టి ముద్ర వేసింది.

డాక్టరమ్మ అన్ని పుస్తకాల మీదా సంతకాలు పెట్టింది. రిజిస్ట్రేషన్‌కు రాస్తానంది. పోతూ పోతూ, ఇకనుంచి అన్నీ చెప్పాలని అత్తమ్మను హెచ్చరించింది. చెబుతాను గానీ దానికి కాటుక చుక్క మాత్రం పెడతానంది అత్తమ్మ. పెట్టమ్మా, కళ్లకు దూరంగా పెట్టు అని డాక్టరమ్మ జీపు ఎక్కింది. చెప్పిన టీ చల్లారిపోయింది. మా ఆయన మూడు గ్లాసులూ తనే తాగి, మేత సంచీ తీసుకుని ఎటో పోయాడు.

నేను వెనక గదిలోకి పోయాను, తువ్వాలు కూడా లేకుండా. అత్తమ్మ పీట మీద కూర్చుని ముల్లంగి ఆకులు తుంచుతోంది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు తుమ్ములు తుమ్మాను. తర్వాత అడిగేశాను.

"అత్తమ్మా, రేషన్ కార్డుకు రాసుకునేటాయన వచ్చిననాడు నన్నెందుకు చెప్పలే?"

ఏ కార్డు, ఎప్పుడు అని ఆమె అడగలేదు. ఆకులు తుంచడం కూడా ఆపలేదు.

"అప్పుడు నీకు మూడో నెల. ముద్ద దిగుతలేకుండె. రెండుమార్లు కండ్లు తిరిగి పడ్డవ్. నిన్నెట్ల చెప్త బిడ్డా?"

నాకు ముందు కోపమే వచ్చింది. ఇరవై ఏళ్లు. ఇరవై ఏళ్లు ఈ ముల్లు గుండెలో పెట్టుకుని నీకు వండి వడ్డించానే, ఒక్క మాట చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది అని అరిచాను. కుందేళ్లన్నీ ఒక మూలకు ఉరికాయి. "నువ్వడగలే గద" అంది ఆమె. "ఉప్పు తక్కువైతే అడుగుతవ్, నీళ్లు రాకపోతే అడుగుతవ్. గిది గూడ అడుగుతవనే చూసిన." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కలిసి వస్తే మధ్యలో తుమ్ములు. ఆమె తన కొంగుతో నా ముఖం తుడిచి, బయటికి పో, నీకు ఈ బొచ్చు పడదు అంది.

ఆ బక్కది ఇప్పుడు బక్కది కాదు. గూట్లో అన్నిటికంటే బరువైనది అదే. దాన్ని అడిగినవాళ్లున్నారు గానీ, రిజిస్టరులో దాని వరసలో అమ్మకానికి కాదు అని రాసిపెట్టాను. అత్తమ్మ రోజూ పొద్దున లెక్క పూర్తిగా చెబుతోంది. చెప్పిన వెంటనే నేల మీద మూడుసార్లు ఉమ్ముతుంది. అది ఏ గడిలోనూ రాయాల్సిన పని లేదు కాబట్టి నేనూ పట్టించుకోను.

రిజిస్ట్రేషన్ కాగితం వచ్చాక అద్దం కట్టించి గల్లాపెట్టె వెనక గోడకు తగిలించాం. అత్తమ్మకు చదువు రాదు. నీ పేరు ఎక్కడుందని అడిగితే వేలు పెట్టి చూపించాను. ఆమె కాసేపు అక్కడే చూసి, లోపలికి పోయి కాటుక డబ్బా తెచ్చింది. అద్దం పాడవుతుందని నేను గొణుగుతూనే ఉన్నాను. ఆమె కింది మూలన చుక్క పెట్టింది. వేలికి ఇంకా కాస్త కాటుక మిగిలింది. "ఇటు తిరుగు" అంది. బస్సు దిగిన జనం చూస్తున్నారు. నేను జుట్టు పక్కకు తీసి, చెవి వెనక చోటు చూపించాను.